చించిల్లా జత ఖరీదెంత? ఒక విత్తనపు జంతువు ధర కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. ఒక చిన్న జంతువు ఉంది, దాని ధర ఉంది. ఆ ధర వెనక వేలమంది మామూలు మనుషులు పోగొట్టుకున్న డబ్బు ఉంది. చివరిదాకా వినండి. ఎందుకంటే ఇది ఎక్కడో అమెరికాలో జరిగిన కథే అయినా, గొర్రెలో, కోళ్ళో, కుక్కపిల్లలో కొనబోయే ప్రతివాళ్ళకీ పనికొచ్చే విషయం ఇందులో ఉంది.

ఆ జంతువు పేరు చించిల్లా. చూడ్డానికి కుందేలుకీ ఎలుకకీ మధ్యలో ఉంటుంది. బరువు సుమారు అరకేజీ. పెద్ద చెవులు, ఉడత లాంటి తోక. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడ చలి ఎక్కువ కాబట్టి ప్రకృతి దానికి ఒక అద్భుతమైన దుప్పటి కప్పింది. మనకి తలమీద ఒక కుదురు నుంచి మామూలుగా ఒకటి రెండు వెంట్రుకలు వస్తాయి కదా, దీనికి ఒక్కో కుదురు నుంచి యాభై అరవై సన్నని వెంట్రుకలు వస్తాయి. చెయ్యి పెడితే పొగని ముట్టుకున్నట్టు ఉంటుందంటారు. ఆ బొచ్చే దాని కొంప ముంచింది.

పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్, అమెరికా ధనవంతులకి ఈ బొచ్చు మీద మోజు పుట్టింది. చిలీ కొండల్లోంచి లక్షల తోళ్ళు ఓడలెక్కాయి. ఒక్క నిండు కోటు కుట్టాలంటే నూరుకు పైగా తోళ్ళు కావాలి. ఇంక ఎన్ని జంతువులు చచ్చాయో మీరే ఊహించుకోండి. 1900 దాటేసరికి కొండలు ఖాళీ అయిపోయాయి. 1910లో చిలీ, బొలీవియా, పెరూ, అర్జెంటీనా దేశాలు కూర్చుని వేట ఆపాలని ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికే ఆలస్యం అయింది. తోలు అరుదైపోయింది, అరుదయ్యేసరికి ధర ఆకాశానికి ఎక్కింది.

ఇక్కడ మన కథలోకి ఒక ఇంజనీరు వస్తాడు. పేరు మథియాస్ చాప్‌మన్. అమెరికన్. చిలీలోని రాగి గనుల్లో పనిచేసేవాడు. 1918లో ఒక స్థానికుడు బతికున్న చించిల్లాని తెచ్చి ఆయనకి అమ్మాడు. దాన్ని చూసి ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. వేటాడి చంపే బదులు, పెంచితే? అప్పుడు ఇరవైమందికి పైగా వేటగాళ్ళని పెట్టాడు. వాళ్ళు దాదాపు మూడేళ్ళు కొండలన్నీ గాలిస్తే, పెంపకానికి పనికొచ్చేవి దొరికినవి ఎన్నో తెలుసా అండి? పదకొండు. అంతే.

వాటిని ఒక్కసారిగా కిందికి దించితే వేడికి చచ్చిపోతాయి. అందుకని పన్నెండు వేల అడుగుల ఎత్తు నుంచి సముద్రం ఒడ్డుకి మెల్లమెల్లగా, సుమారు ఏడాది పాటు, మజిలీలు వేసుకుంటూ దించాడు. ఓడలో ఐసుగడ్డలు పెట్టి చల్లబరిచాడు. 1923లో ఆ పదకొండూ కాలిఫోర్నియా చేరాయి. ఈ రోజు అమెరికాలో ఉన్న పెంపుడు చించిల్లాల్లో చాలా భాగం ఆ పదకొండింటి సంతానమే అని చెప్తారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. చాప్‌మన్ తన దగ్గర పుట్టిన పిల్లల్ని ఇంకొకరికి అమ్మాలనుకుంటే, ఎంత ధర చెప్పాలి?

కొంచెం ఆలోచించండి. అడవిలో లేవు. పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. తెచ్చినవి పదకొండే. పైగా ఇవి ఎలుక జాతే అయినా ఎలుకల్లా ఈనవు. కడుపుతో ఉండేదే 111 రోజులు. ఈతకి మామూలుగా రెండు పిల్లలు, ఏడాదికి రెండు ఈతలు అయితే గొప్ప. అలాంటప్పుడు జతకి వేల డాలర్లు అడిగినా అది మోసం అనలేం. మూడేళ్ళ గాలింపు, ఏడాది ప్రయాణం, ఓడ ఖర్చు, చచ్చిపోతాయేమోనన్న భయం, అన్నీ ఆ ధరలో ఉన్నాయి. అది న్యాయమైన ధరే.

కానీ ఒక చిక్కుంది. అది కొరత వల్ల వచ్చిన ధర. ప్రతి ఈతకీ కొరత కొంత తగ్గుతుంది. మరి ధర కూడా తగ్గాలి కదా? తగ్గలేదు. ఎందుకు తగ్గలేదు అన్నదే ఈ కథకి గుండెకాయ.

1934లో చాప్‌మన్ చనిపోయాడు. కొడుకు ఆ పని కొనసాగించాడు. 1930ల చివరికి పెంపకందారులకి ఒక సంఘం కూడా ఏర్పడింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఈ వ్యాపారం ఊపందుకుంది. పత్రికల్లో ప్రకటనలు. మీ ఇంటి కింద ఖాళీ గది ఉందా? గ్యారేజీ ఉందా? చించిల్లాలు పెంచండి, ధనవంతులు కండి. ఇదీ వరస. జత ధర వెయ్యి డాలర్లు, ఆపైన కూడా పలికేది. 1950లో అమెరికాలో ఒక కుటుంబం ఏడాది ఆదాయం సగటున 3,300 డాలర్లు. అంటే అరకేజీ బరువుండే రెండు జంతువులకి దాదాపు నాలుగు నెలల ఇంటి ఆదాయం. రిటైరైనవాళ్ళు, చిన్న ఉద్యోగులు, సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ళు, ఇలాంటివాళ్ళే దాచుకున్నది తీసి కొన్నారు.

వాళ్ళు లెక్క ఎలా వేసుకున్నారో చూడండి. ఒక జత కొంటాం. ఏడాదికి నాలుగు పిల్లలు. అంటే రెండు జతలు. జత వెయ్యి చొప్పున రెండు వేలు. పెట్టిన డబ్బు ఏడాదిలో రెండింతలు! కాగితం మీద ఈ లెక్కలో తప్పేం లేదు. కానీ ఆ రెండు జతలు ఎవరు కొనాలి? ఇంకో ఇద్దరు కొత్తవాళ్ళు. వాళ్ళూ ఇదే లెక్కతోనే కొంటారు. వాళ్ళకి మళ్ళీ తలా ఇద్దరు కావాలి.

మనం ఒకసారి వేసి చూద్దాం. మొదటి ఏడు 100 ఇళ్ళలో ఒక్కో జత ఉందనుకోండి. ఒక్కో ఇల్లు ఏడాదికి రెండు కొత్త ఇళ్ళకి అమ్మింది. రెండో ఏడు 300 ఇళ్ళు. మూడో ఏడు 900. అలా ఏటేటా మూడింతలు. పదేళ్ళు గడిచేసరికి 59 లక్షల ఇళ్ళు. పన్నెండేళ్ళకి 5 కోట్ల 31 లక్షల ఇళ్ళు. 1950లో అమెరికా మొత్తం మీద ఉన్న కుటుంబాలే 4 కోట్ల పైచిలుకు! అంటే ప్రతి ఇంట్లోనూ చించిల్లా ఉన్నా కూడా కొనేవాళ్ళు చాలరన్నమాట. నిజంగా అంత దూరం వెళ్ళదు, మధ్యలోనే తెగుతుంది. ఎవరి చేతిలో ఉండగా తెగితే వాళ్ళు మునుగుతారు.

మీరు అడగొచ్చు, మరి తోలుకి విలువ ఉంది కదండీ, కొత్తవాళ్ళు దొరక్కపోతే తోళ్ళు అమ్ముకోవచ్చు కదా అని. మంచి ప్రశ్న. ఇక్కడే అసలు మెలిక ఉంది. బతికుంటే 500 డాలర్లు పలికే జంతువుని ఎవరైనా తోలు కోసం చంపుతారా? చంపరు. చంపకపోతే తోళ్ళు మార్కెట్‌కి రావు. తోళ్ళు రాకపోతే తోలుకి అసలు ధర ఎంతో ఎవరికీ తెలీదు. అమ్మేవాడు మాత్రం పాత రోజుల్లో అడవి చించిల్లా కోటు పలికిన ధర చెప్పి ఊరించేవాడు. అంటే విత్తనపు జంతువు ధర ఎక్కువగా ఉండటమే, సరుకు అసలు ధర బయటపడకుండా అడ్డుకుంది. ముప్పై ఏళ్ళ పాటు దాదాపు ఇదే నడిచింది.

1954లో న్యూయార్క్‌లో పెంపుడు చించిల్లా తోళ్ళని మొదటిసారి పెద్దఎత్తున వేలం వేశారు. ఆ రోజు తెర లేచింది. జతకి వెయ్యి పెట్టి కొన్నవాళ్ళు చూస్తుండగానే ఎక్కువ తోళ్ళు పదుల డాలర్లలో పోయాయి. కారణం ఏంటంటే, కోటు కుట్టేవాడికి నూరుకు పైగా తోళ్ళు ఒకే రంగులో, ఒకే దట్టంలో, ఒకే సైజులో కావాలి. ఒక ఇంటి నుంచి ఆరు, ఇంకో ఇంటి నుంచి పది, ఒకటి నీలిబూడిద, ఒకటి పసుపు జీర, ఒకచోట బొచ్చు ఊడింది. ఇవన్నీ కలిపి కుడితే అది కోటు అవదు, బొంత అవుతుంది. ఆ ఇంటివాళ్ళు తమ చించిల్లాలని కష్టపడి, ప్రేమగానే పెంచారు. కానీ వాళ్ళు కొన్న జంతువుల్లో నాణ్యత ఎంతో వాళ్ళకి తెలీదు, చెప్పినవాళ్ళూ లేరు.

ఇంతటితో ఆగిపోయిందా అంటే, లేదు. అదే మాటల్ని 1960ల్లో, 70ల్లో కూడా కొత్త కొత్త కంపెనీలు అమ్ముతూనే ఉన్నాయి. చివరికి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి అమ్మకందారుల మీద వరసగా ఉత్తర్వులు ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఉత్తర్వుల్లో ఆరోపణలు చూస్తే అన్నీ ఒకే అచ్చు. ఇంట్లోనే, గ్యారేజీలోనే లాభసాటిగా పెంచొచ్చు అన్నారు. అనుభవం అక్కర్లేదన్నారు. ప్రతి ఆడదీ ఏడాదికి ఇన్ని పిల్లల్ని పెడుతుందని గట్టిగా చెప్పారు. మేలురకం జంతువులే ఇస్తున్నామన్నారు. అవన్నీ నిజం కావని కమిషన్ తేల్చింది. కానీ డబ్బు పోయినవాడికి ఉత్తర్వు కాగితం ఏం తిరిగిస్తుంది చెప్పండి?

మన దగ్గరా ఇలాంటిది చూశాం కదండీ. ఈము పక్షులు గుర్తున్నాయా? పిల్లల జతని ఎక్కువ ధరకి కొన్నారు, గుడ్లూ పిల్లలూ మళ్ళీ మేమే కొంటామన్న మాట నమ్మారు. తమిళనాడులో 2012లో అది కూలింది. ఆంధ్రాలో కూడా ఎంతోమంది రైతులు మేత ఖర్చు భరించలేక పక్షుల్ని ఏం చేయాలో తెలీక కూర్చున్నారు. మాంసం ఎవరు తింటారు, నూనె ఎవరు కొంటారు అన్న ప్రశ్న ముందు వేసుకోవాల్సింది చివర వేసుకున్నారు. పక్షి మారింది, లెక్క మారలేదు.

అయితే ఈ కథ విని, విత్తనపు జంతువుకి ఎక్కువ డబ్బు పెట్టడమే తప్పు అనుకుంటే అదీ పొరపాటే. నేను ఈ ఎపిసోడ్ చెయ్యడానికి అసలు కారణం ఇదే. దెబ్బ తిన్నవాళ్ళు తర్వాత రెండో చివరికి పోతారు. చవగ్గా దొరికిందే కొంటారు. చించిల్లాల్లో చవక బేరం ఎంత ఖరీదో చూడండి.

వీటికి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలవకపోతే అరగవు, పెరిగి దవడలోకి దిగి జంతువు తిండి తినలేక చస్తుంది. ఈ లోపం కొన్ని వంశాల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తుంది. చిన్నప్పుడు బయటికి కనపడదు. అలాంటి జంతువుని సగం ధరకి కొంటే, మీరు కొన్నది జంతువుని కాదు, జబ్బుని. తన బొచ్చు తనే కొరుక్కునే అలవాటు కూడా అంతే, కొన్ని వంశాల్లో ఎక్కువ.

రంగుల సంగతి ఇంకోటి. 1950ల మధ్య నుంచి మామూలు బూడిద రంగు మందల్లో తెల్లవి, లేత గోధుమ రంగువి, వెల్వెట్ నలుపువి పుట్టడం మొదలైంది. ప్రతి కొత్త రంగుకీ మళ్ళీ కొత్త ధర, కొత్త హడావిడి. కానీ తెల్లదాన్ని తెల్లదానితో, వెల్వెట్ నలుపుని వెల్వెట్ నలుపుతో కలపకూడదని అనుభవంగల పెంపకందారులు చెప్తారు. రెండువైపుల నుంచీ ఆ జన్యువే వచ్చిన పిండం కడుపులోనే పోతుంది, ఈతలో పిల్లలు తగ్గుతాయి. కాబట్టి తాతముత్తాతల వివరాలు రాసిన కాగితం లేని జంతువు ఎంత అందంగా ఉన్నా దాని విలువ సగమే.

మరి న్యాయమైన ధర ఎలా కట్టాలి? నిలదొక్కుకున్న పెంపకందారులు నేర్చుకున్న పద్ధతిని నేను నా మాటల్లో చెప్తాను. మూడు మెట్లు.

మొదటి మెట్టు, అడుగు ధర. ఈ జంతువుని రేపు కొత్తవాళ్ళెవరూ విత్తనానికి కొనకపోతే, చివరి వాడకందారు దగ్గర ఎంత వస్తుంది? తోలైతే తోలు ధర, పెంపుడు జంతువైతే ఇంట్లో పెంచుకునేవాళ్ళు ఇచ్చే ధర. అది నేల. రెండో మెట్టు, పెంచిన ఖర్చు. 111 రోజుల గర్భం, తర్వాత ఎదిగేదాకా సుమారు ఎనిమిది నెలల మేత, చోటు, చల్లదనం, మనిషి శ్రమ. అమ్మేవాడికి ఇది రావాలి. రాకపోతే మంచి పెంపకందారు మానేస్తాడు, మిగిలేది ఎవరో మీకు తెలుసు. మూడో మెట్టు, మేలిమి విలువ. ఈ జంతువు వల్ల మీ మందలో పుట్టబోయే పిల్లలు ఎంత మెరుగవుతాయి?

ఈ మూడో మెట్టు దగ్గర ఒక మంచి సంగతి ఉంది. మొదట్లో అందరూ జతలే అమ్మారు, ఒక మగదానికి ఒక ఆడది. తర్వాత పెద్ద ఫారాలవాళ్ళు పద్ధతి మార్చారు. ఆడవాటిని విడివిడి బోనుల్లో ఉంచి, మెడకి ఒక పట్టీ వేసి, వెనక సన్నటి దారి పెట్టారు. మగది ఆ దారిలో తిరిగి ఏ బోనులోకైనా పోగలదు, ఆడవి మాత్రం పట్టీ అడ్డుపడి బయటికి రాలేవు. ఒక్క మగదానితో ఐదారు ఆడవాటికి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువవాటికి సరిపోయేది. అంటే జతలు కొన్నవాళ్ళు అక్కర్లేని మగవాటికి సగం డబ్బు పోశారన్నమాట!

ఉదాహరణకి ఒక లెక్క అనుకుందాం. ఒక మగది, ఆరు ఆడవి. ఒక్కోదానికి ఏడాదికి మూడు పిల్లలు దక్కాయి, మొత్తం 18. మేలైన తండ్రి వల్ల ఒక్కో తోలు 5 డాలర్లు ఎక్కువ పలికింది. ఏడాదికి 90 డాలర్లు. ఐదేళ్ళకి 450. అదే ఐదు డాలర్ల మెరుగు ఒక మంచి ఆడదాని వల్ల వస్తే? ఏడాదికి మూడు పిల్లలు, 15 డాలర్లు, ఐదేళ్ళకి 75. కాబట్టి నష్టభయం తీసేసుకుని, మామూలు ధర మీద ఆ మగదానికి 200 ఎక్కువ ఇచ్చినా అది తెలివైన బేరమే. ఆడదానికి అదే 200 ఎక్కువ ఇస్తే మునిగినట్టే.

ఇది మన పెద్దవాళ్ళకి తెలియని సంగతి కాదు. ఊరికి ఒక మంచి కోడెని ఎంచి అచ్చు వేసి వదిలేవాళ్ళు. ఇప్పుడు తిట్టుగా వాడుతున్నాం గానీ, అచ్చోసిన ఆంబోతు అంటే ఊరందరి ఆవులకీ విత్తనం. పొలాల్లో పడి మేసినా ఎవరూ కొట్టేవాళ్ళు కాదు. ఆ మేత ఆ ఊరు కట్టిన ధరే కదా! విత్తనపు పొట్టేలుని ఎంచేటప్పుడు ఇప్పటికీ గొర్రెలకాపరులు పళ్ళు చూస్తారు, నడుం నొక్కి చూస్తారు, తల్లి ఏదని అడుగుతారు. చించిల్లా పోటీల్లో జడ్జీలు చేసేది కూడా అదే. ఒకే రకం దీపం కింద పెట్టి, బొచ్చులోకి మెల్లగా ఊది, మొదలు నుంచి కొన దాకా రంగు చూస్తారు. పసుపు జీర లేకుండా తేటగా ఉందా, దట్టంగా ఉందా, ఒళ్ళు గట్టిగా ఉందా అని. ఆ చూపు ఉన్నవాడే ధర కట్టగలడు. చూపు లేనివాడికి ఎవరో కట్టిన ధర తప్ప వేరే దిక్కు లేదు.

కథ ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి ముగిస్తాను. బొచ్చు వ్యాపారమే వెనకబడింది. మన దేశం 2017 జనవరిలో మింక్, నక్క, చించిల్లా బొచ్చు తోళ్ళ దిగుమతి ఆపేసింది. రొమేనియా 2027 నుంచి చించిల్లా ఫారాలు ఉండకూడదని చట్టం చేసింది. పెంపుడు చించిల్లాలు ఇప్పుడు ఎక్కువగా ఇళ్ళల్లో, బోనుల్లో, పిల్లల ముద్దులో బతుకుతున్నాయి. అడవి చించిల్లాలు మాత్రం ఇంకా అంతరించిపోయే ప్రమాదంలోనే ఉన్నాయి. వాటికోసం చిలీలో 1983లో ఒక రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు. దాని పేరే లాస్ చించిల్లాస్.

వేటగాడు తోలుకి ధర కట్టాడు, జంతువుకి కట్టలేదు. ప్రకటనల వ్యాపారి ఆశకి ధర కట్టాడు, జంతువుకి కట్టలేదు. నిజంగా జంతువుకి ధర కట్టినవాడు ఒక్కడే, దాని పళ్ళు చూసి, వంశం అడిగి, పుట్టబోయే పిల్లల్ని లెక్కలోకి తీసుకున్నవాడు. రేపు మీరు ఏదైనా జీవాన్ని విత్తనానికి కొనబోతే అమ్మేవాడిని ఒక్క ప్రశ్న అడగండి. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు కాకుండా, దీని పిల్లల్ని చివరికి ఎవరు కొంటారు బాబూ అని. జవాబు సూటిగా వస్తే బేరం ఆడండి, నాణ్యత ఉంటే అడిగిందానికి న్యాయంగా ఇవ్వండి. నీళ్ళు నమిలితే మాత్రం నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.